శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారు – కౌలుదారు హక్కు

శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారు 1899వ సంవత్సరము మార్చి 13వ తేదీన, పాలమూరు సీమయందు కల్వకుర్తి సమీపమున గల పడకల్లు గ్రామమున జన్మించిరి. పూనా ఫెర్గుసన్ కళాశాలలో పట్టము పొంది, న్యాయశాస్త్ర మభ్యసించి, హైదరాబాదున న్యాయవాదవృత్తి నవలంబించిరి. సంస్కృతాంధ్రములందును ఉర్దూ పారసీకములందును వీరి పాండిత్యము లోకవిదితము. 1931లో దేవరకొండయందు జరిగిన ద్వితీయ నిజామాంధ్ర మహాసభ కధ్యక్షులైరి. స్వాతంత్ర్యోద్యమమున కారాగారవాస మనుభవించిరి. కౌలుదారునకై వీరు చేసిన కృషిని మాత్ర మిచ్చట స్మరింతము.

నాటి నైజాం రాజ్యమున భూమి యొకరిది, నాగలి వేఱొకరిది. యజమానులలో పలువురు పట్టణమున వసించుచు, పంటలో పాలు మాత్రము తెప్పించుకొనుచుండిరి. కౌలు నోటిమాటపై నడచెడిది. యజమాని వలదన్ననాడు రైతు చేను విడిచి పోవలసినదే. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టము వెలువడెను. ఆ యేడే రెవెన్యూ మంత్రులైన రామకృష్ణారావుగారిపై దాని నమలుపఱచు భారము పడెను. నిర్ణీతకాలమున ఆఱేండ్లు ఎడతెగక సాగుచేసినవారిని ఆ చట్టము రక్షిత కౌలుదారులుగ గుర్తించెను. 1952లో వీరు ముఖ్యమంత్రులైరి. వీరి పాలనయందే, 1954లో, రక్షిత కౌలుదారునకు భూస్వామ్యమే సంక్రమించునట్లు 38-ఇ విభాగము చట్టమున చేరెను.

అయినను ఆ చట్టమున నొక ద్వారము తెఱచియుండెను. స్వయముగ సేద్యము చేసికొందునన్న యజమాని, కొంత పరిమితికి లోబడి, భూమిని మరల గైకొనవచ్చును. స్వయంసేద్యమనగా స్వహస్తములతో మేడి పట్టుట కాదు. కూలివారిని పెట్టి పర్యవేక్షించినను చాలును. ఇట్లు ఊర లేని యజమానియు సేద్యగాడుగ నిలువ గలిగెను. పెక్కురు కౌలుదార్లు తొలగింపబడిరి. కొందఱు తామే వదలుకొన్నట్లు వ్రాసియిచ్చిరి. 38-ఇ విభాగము తెలంగాణమందలి పెక్కు ప్రాంతములకు 1973 జనవరి 1వ తేదీన గాని వర్తింపలేదు. దానిని జూచుటకు రామకృష్ణారావుగారు లేరు. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణమునకై ముఖ్యమంత్రిపదవి వీడి, పిదప కేరళ, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములకు గవర్నరుగ నుండి, 1967లో స్వర్గస్థులైరి.

మహాజనులారా! మన సంఘీయులలో ఊర భూమియుండి పట్టణమున వసించువారు పెక్కురు. ఈ వ్రాయువాడును వారిలోనివాడే. నా చేను ఇరువదియేండ్లుగ వేఱొకరు దున్నుచున్నారు. ఒక యేడు పంట మునిగిన పరిహారము పట్టాదారునైన నా పేర వచ్చెను. కొన్ని నెలలు దానిని నాయొద్దనే యుంచుకొంటిని. ఈ మహనీయుని చరిత్రము వ్రాయ బూనిననాడు సిగ్గుపడి, ఆ పైకమును దున్నినవారి చేతికిచ్చి వచ్చితిని. చట్టము తెఱచియుంచిన ద్వారమును మూయవలసినది మన ధర్మబుద్ధియే. ఇదియే వారికి మన మర్పింపదగిన నివాళి.