ఫ్రెడరిక్ మెక్‌కే

ఫ్రెడరిక్ సమ్నర్ మెక్‌కే (1874 - 1959) అమెరికాకు చెందిన దంతవైద్యుడు. పళ్ళపై ఏర్పడే గోధుమరంగు మచ్చలకు త్రాగునీరే కారణమని మూడు దశాబ్దాల పరిశోధనతో నిరూపించాడు. ఈ మచ్చలను నేడు దంత ఫ్లోరోసిస్ అంటారు.

జీవిత విశేషాలు

మెక్‌కే 1874లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్స్‌లో జన్మించాడు. 1900లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుండి దంతవైద్యంలో పట్టా పొంది, 1901లో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో వైద్యవృత్తి ప్రారంభించాడు. అక్కడ పుట్టి పెరిగినవారిలో చాలామందికి పళ్ళపై మచ్చలుండటం గమనించాడు. ఎంత తోమినా అవి పోయేవి కావు. ఈ విషయం వైద్యగ్రంథాలలో లేదు. ప్రముఖ దంతవైద్యుడు గ్రీన్ వార్డిమన్ బ్లాక్ 1909లో ఆయనతో చేరి, 1915లో మరణించేవరకు పరిశోధనలో పాల్గొన్నాడు. శాశ్వత దంతాలు తయారయ్యే వయసులోనే మచ్చలు ఏర్పడతాయని, మచ్చలున్న పళ్ళు పుచ్చిపోవడం తక్కువని వారు గ్రహించారు.

ఓక్లీ, బాక్సైట్ గ్రామాలు

1923లో మెక్‌కే ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ గ్రామానికి వెళ్ళాడు. ఒక వేడినీటి ఊట నుండి గొట్టాల ద్వారా నీరు తెచ్చుకున్న తరువాతనే పిల్లల పళ్ళకు మచ్చలు వచ్చాయని తల్లిదండ్రులు తెలిపారు. పరీక్షలో ఆ నీటిలో ఏ దోషమూ కనబడలేదు. అయినప్పటికీ దానిని మానివేసి, దగ్గరలోని మరొక ఊట నీటిని వాడమని సలహా ఇచ్చాడు. కొన్ని సంవత్సరాలలోనే అక్కడి చిన్నపిల్లలకు మచ్చలు లేని పళ్ళు రాసాగాయి.

తరువాత అర్కాన్సాస్ రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊరిని పరిశీలించాడు. ఆ ఊరు అల్యూమినియం కంపెనీకి చెందినది. 1931లో ఆ కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ అక్కడి నీటిలో ఫ్లోరైడు అధికంగా ఉన్నదని కనుగొన్నాడు. దీనితో కారణం స్పష్టమయింది. మెక్‌కే 1959లో మరణించాడు.

మచ్చలకు చికిత్స

ఈ మచ్చలు పంటి పింగాణి పొరలోనే ఏర్పడతాయి కనుక గార తీయించినంత మాత్రాన పోవు. మచ్చల లోతును బట్టి చికిత్సను ఎంచుకోవాలి.

* బ్లీచింగ్: లేత మచ్చలకు ఉపయోగిస్తారు. తొలిదశలో తెల్లమచ్చలు మరింత స్పష్టంగా కనిపించవచ్చు.
* మైక్రోఅబ్రేషన్: పైపొరను ఆమ్లంతో, గరుకు పదార్థంతో స్వల్పంగా అరగదీస్తారు. కొలరాడోలో 1916లోనే వాల్టర్ కేన్ ఇందుకు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వాడాడు.
* వెనీర్లు: లోతైన మచ్చలకు, గుంటలు పడిన పళ్ళకు పలుచని తొడుగులు అతికిస్తారు. వీటికోసం సాధారణంగా పంటిని కొంత అరగదీస్తారు. అలా పోయిన పొర తిరిగి రాదు. కొన్నేళ్ళకు తొడుగులనూ మార్చవలసి ఉంటుంది.

తెలుగు ప్రాంతాలలో

1937లో షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించింది. నల్గొండ జిల్లా ఈ సమస్యకు ప్రసిద్ధి. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలోని కొన్ని గ్రామాల భూగర్భ జలాలలోనూ ఫ్లోరైడు అధికంగా ఉన్నది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. పెద్దల పళ్ళ మచ్చలను చికిత్సతో తగ్గించవచ్చు. పిల్లలకు అవి రాకుండా చేసేది మాత్రం మెక్‌కే చూపిన మార్గమే: నీటిని మార్చడం.