ఎడారి ఆవమొక్క, పీటర్ ఫోర్స్‌కాల్



సువార్తలోని ఆవగింజ ఉపమానము మీకు కొత్త కాదు. అదే ఆవ కుటుంబానికి చెందిన ఒక మొక్క ఈజిప్టు ఎడారులలో పెరుగుతుంది. చూస్తే ఆవమొక్క అని మీరు అనుకోరు. ఆకులు బహు తక్కువ, ఒళ్లంతా ముళ్లు. లేత ఊదారంగు పూలు మాత్రము దాని కుటుంబమేదో చెప్పేస్తాయి. నాలుగు రేకులు సిలువ ఆకారములో ఉంటాయి. అందుకే వృక్షశాస్త్రజ్ఞులు ఆవ కుటుంబానికి సిలువను మోసేవి అనే అర్థము వచ్చే లాటిన్ పేరు పెట్టారు.

ఈ ముళ్లమొక్క శాస్త్రీయ నామము జిల్లా. కలెక్టరుగారి జిల్లాతో దీనికి సంబంధమేమీ లేదు. అది అక్కడి అరబ్బుల మాట. పండితుల లాటిన్‌ను కాక, ఆ ఎడారివాసుల మాటనే శాస్త్రములోకి తెచ్చినవాడు పీటర్ ఫోర్స్‌కాల్.

ఇతడు 1732లో హెల్సింకిలో ఒక లూథరన్ పాదిరి ఇంట పుట్టాడు. స్వీడన్‌లోని ఉప్సలాలో సుప్రసిద్ధుడైన లిన్నేయస్ వద్ద వృక్షశాస్త్రము, జర్మనీలోని గోటింగెన్‌లో తూర్పు దేశాల భాషలు, తత్వశాస్త్రము చదివాడు. ఆనాడు జర్మనీలో వోల్ఫ్ తత్వానికి ఎదురు లేదు. ఈ కుర్రవాడు 1756లో దాని మూలసూత్రాలనే సందేహిస్తూ వ్యాసము వ్రాశాడు. సెమినరీలో తత్వశాస్త్రముతో తంటాలు పడిన నాబోటివారికి ఆ తెగువ ముచ్చటగా ఉంటుంది.

1759లో పౌరస్వేచ్ఛను గూర్చి ఒక చిన్న పుస్తకము అచ్చువేశాడు. ప్రభుత్వము దానిని నిషేధించింది. పంచిన ప్రతులను తిరిగి సేకరించే పని ఎవరి మీద పడిందో తెలుసా? అప్పుడు విశ్వవిద్యాలయ అధిపతిగా ఉన్న లిన్నేయస్ మీదనే!

ఆ రోజులలోనే గోటింగెన్ పండితుడు మికాయెలిస్‌కు ఒక ఆలోచన వచ్చింది. దివ్యగ్రంథములోని మొక్కలు, జంతువులు, ఆచారాలు అర్థము కావాలంటే అరబ్బు దేశాలకు వెళ్లి చూడాలి. డెన్మార్కు రాజు ఐదవ ఫ్రెడరిక్ ఖర్చు భరించాడు. 1761 జనవరిలో ఆరుగురు బయలుదేరారు. వారిలో ఫోర్స్‌కాల్ ఒకడు.

ఈజిప్టులో సుమారు ఒక సంవత్సరము ఉన్నాడు. రైతు వేషము వేసుకొని తిరిగాడు. మొక్కలను కాగితాల నడుమ నొక్కి ఎండబెట్టేవాడు. ఊరి పేరుతో పాటు అక్కడివారు చెప్పిన అరబ్బీ పేరు కూడ వ్రాసుకొనేవాడు. ఎర్రసముద్రపు చేపల చర్మాలను సైతము మొక్కలవలెనే కాగితాలపై ఎండబెట్టాడు. అవి నేటికీ కోపెన్‌హాగెన్‌లో ఉన్నాయి.

1763లో యెమెన్ కొండలలో, లిన్నేయస్ ఎంతో కాలముగా కోరుతున్న సుగంధపు గుగ్గిలపు చెట్టును కనుగొన్నాడు. ఆ శుభవార్తను గురువుకు వ్రాశాడు. ఉత్తరము గురువుకు చేరేనాటికి శిష్యుడు లేడు. మలేరియా జ్వరముతో జులై 11న యరీమ్ పట్టణములో కన్నుమూశాడు. వయస్సు 31.

మిగిలినవారు మన బొంబాయికి ఓడ ఎక్కారు. ఇద్దరు సముద్రము మీదనే చనిపోయారు, వైద్యుడు బొంబాయిలో. తిరిగి ఇల్లు చేరినది నీబూర్ ఒక్కడే. అతడే స్నేహితుని చీటీలన్నీ కూర్చి 1775లో పుస్తకముగా అచ్చువేయించాడు. జిల్లా అనే పేరు లోకానికి తెలిసింది ఆ పుటలలోనే.

లిన్నేయస్ కూడ శిష్యుని పేరు ఒక మొక్కకు పెట్టాడు. అది బట్టలకు అంటుకొంటే ఒక పట్టాన వదలదు.