కౌన్సిల్ ఇళ్ళ మంత్రి: అనైరిన్ బెవన్

ఇంగ్లాండు వచ్చిన కొత్తలో మేము అద్దెకు దిగింది ఒకప్పటి కౌన్సిల్ ఇంట్లో. 1940ల చివర్లో కట్టినది. పాతదే అయినా మూడు పడకగదులూ విశాలంగా ఉండేవి. కింద ఒకటి, పైన ఒకటి టాయిలెట్లు, వెనక తోట. తర్వాత మేము కొనుక్కున్న కొత్త ఇంట్లో మంచం వేస్తే బీరువాకు చోటు లేదు. పేదల కోసం కట్టిన ఇల్లు అంత బాగా ఎందుకుందో తెలుసుకుందామని చదివితే అనైరిన్ బెవన్ పేరు కనిపించింది. ఎన్‌హెచ్‌ఎస్ స్థాపకుడిగా ఆయన మనలో చాలామందికి తెలుసు. ఆ రోజుల్లో ఇళ్ళ నిర్మాణం కూడా ఆరోగ్య శాఖ కిందే ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు.

బెవన్ 1897 నవంబరు 15న దక్షిణ వేల్స్‌లోని ట్రెడీగర్‌లో పుట్టాడు. తండ్రి బొగ్గు గని కార్మికుడు. కొడుకూ పదమూడో ఏట గనిలోకి దిగాడు. నత్తి ఉండేది. కార్మికుల లైబ్రరీలో పుస్తకాలు చదువుతూ, సభల్లో పట్టుబట్టి మాట్లాడుతూ దాన్ని లొంగదీసుకున్నాడు. తండ్రి బొగ్గు ధూళి తెచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో 1925లో పోయాడు. బెవన్ 1922లో ఊరి కౌన్సిలర్, 1929లో ఎబ్బూ వేల్ ఎంపీ అయ్యాడు.

1945లో మంత్రి అయ్యేనాటికి బాంబులకు లక్షల ఇళ్ళు దెబ్బతిన్నాయి. యుద్ధ కాలంలో కొత్త ఇళ్ళు కట్టింది చాలా తక్కువ. సైనికులు తిరిగొస్తున్నారు. 1946 వేసవిలో గూడు లేని కుటుంబాలు ఖాళీ సైనిక శిబిరాల్లోకి వెళ్ళి కాపురం పెట్టాయి.

బెవన్ పద్ధతి సూటిగా ఉండేది. 1946 చట్టం ప్రకారం ఒక్కో కౌన్సిల్ ఇంటికి ఖజానా ఏటా 16 పౌండ్ల 10 షిల్లింగులు, స్థానిక పన్నుల నుంచి 5 పౌండ్ల 10 షిల్లింగులు, 60 ఏళ్ళపాటు ఇవ్వాలి. అందువల్ల అద్దె తక్కువగా ఉంచగలిగారు. ఇటుకలు, కలప కొరత కాబట్టి నాలుగు కౌన్సిల్ ఇళ్ళకు ఒక ప్రైవేటు ఇల్లు అన్న లెక్కన అనుమతులిచ్చారు. ప్రైవేటు బిల్డరు డబ్బున్నవాడికి కడతాడు, కౌన్సిల్ అవసరమున్నవాడికి కడుతుంది అన్నది ఆయన వాదన.

విస్తీర్ణం దగ్గర మాత్రం రాజీ పడలేదు. మూడు పడకగదుల ఇల్లు కనీసం 900 చదరపు అడుగులు ఉండాలన్నాడు. సైజు తగ్గించి సంఖ్య పెంచమని ఒత్తిడి వచ్చింది. 1947 ఆర్థిక సంక్షోభంలో కార్యక్రమానికే కోతపడింది. నెమ్మదిగా కడుతున్నాడన్న విమర్శలో నిజం ఉంది. అయినా 1951 నాటికి దాదాపు పది లక్షల ఇళ్ళు లేచాయి, వాటిలో ఎక్కువ భాగం కౌన్సిళ్ళవే. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఏడాదికి ఇంకా ఎక్కువ కట్టింది, కానీ ఇళ్ళు చిన్నవయ్యాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1949 చట్టం. కౌన్సిల్ ఇళ్ళు కార్మిక వర్గాలకే అన్న మాటను అది తీసేసింది. డాక్టరు, కొట్టువాడు, కూలీ ఒకే వీధిలో ఉండాలని బెవన్ కోరిక. మన వైపు కాలనీ ఇల్లంటే తరచు ఊరికి ఎడంగా వేసిన ఇరుకు గదే. అది చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఆ కోరిక విలువ నాకు తెలుసు.

కళ్ళజోళ్ళకూ కట్టుడు పళ్ళకూ రుసుము పెట్టారని 1951లో ఆయన పదవి వదులుకున్నాడు. 1960 జులై 6న కన్నుమూశాడు.

1980 చట్టంతో కౌన్సిల్ ఇళ్ళను అందులో ఉన్నవాళ్ళకే చౌకగా అమ్మడం దేశమంతటా మొదలైంది. అమ్మినన్ని మళ్ళీ కట్టలేదు. మేము దిగిన ఇల్లు అలా అమ్ముడుపోయి చేతులు మారినదే. ప్రజల డబ్బుతో తక్కువ అద్దెకని కట్టిన ఆ ఇంటికి మేము జీతంలో సగం కట్టాం. మన పిల్లలు ఇప్పుడు అదే అద్దెల బజారులో తిరుగుతున్నారు. ఇళ్ళకు ప్రభుత్వం డబ్బు పెట్టాలా అన్న చర్చ ఎన్నికల్లో వచ్చినప్పుడు, అది మనకు సంబంధం లేనిదని పక్కకు తప్పుకోకూడదు.

సెలవుల్లో వేల్స్ వెళితే ట్రెడీగర్ దగ్గరి కొండ మీద బెవన్ స్మారక శిలలు చూడండి. పెద్ద రాయి ఆయనకు, చుట్టూ మూడు చిన్నవి ఆయన నియోజకవర్గంలోని మూడు ఊళ్ళకు. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.