ఆఫీసు అయ్యాక రోజుకో పేజీ

ముందు ఉద్యోగానికి రిజైన్, తర్వాత నచ్చిన పని, ఆపైన పేరు. సక్సెస్ స్టోరీ అనగానే మనకు గుర్తొచ్చే వరస ఇదే కదా! ఇంగ్లండ్‌లో కొండలెక్కే వాళ్లందరికీ తెలిసిన ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ కథలో ఆ రిజైన్ సీనే లేదు. 1967లో రిటైరయ్యేదాకా ఆయన మున్సిపల్ అకౌంటెంటే.

1907లో బ్లాక్‌బర్న్ అనే మిల్లుల ఊళ్లో పుట్టారు. తండ్రి రాళ్లు చెక్కే మేస్త్రి, తాగుడు అలవాటు. పదమూడేళ్లకే బడి మానేసి మున్సిపల్ ఆఫీసులో బాయ్‌గా చేరారు. తర్వాత లెక్కల విభాగానికి మారి, ఏళ్ల తరబడి రాత్రిపూట చదివి అకౌంటెంట్‌గా క్వాలిఫై అయ్యారు.

1930లో, దాచుకున్న ఐదు పౌండ్లతో కజిన్‌ను వెంటబెట్టుకుని లేక్ డిస్ట్రిక్ట్ చూడ్డానికి వెళ్లారు. విండర్‌మియర్ సరస్సు దగ్గర ఓరెస్ట్ హెడ్ అని చిన్న గుట్ట ఉంది. ఎక్కితే కింద సరస్సు, అవతల వరసగా కొండలు. పొగగొట్టాల మధ్య పెరిగిన ఆ కుర్రాడి మనసు అక్కడే ఉండిపోయింది. 1941లో ఆ కొండలకు దగ్గరగా ఉన్న కెండల్‌లో పోస్టు దొరికితే, జీతం తగ్గినా వెళ్లిపోయారు. 1948లో అక్కడే బరో ట్రెజరర్ అయ్యారు. అంటే పట్టణం ఖజానా మొత్తం ఆయన చేతిలోనే.

అసలు పని 1952 నవంబరు 9న మొదలైంది. అక్కడి కొండల్ని ఫెల్స్ అంటారు. వాటిలో 214 ఎక్కి, ఏడు గైడ్ పుస్తకాలు రాయాలి. పట్టే టైం 13 ఏళ్లని ముందే లెక్కేసుకున్నారు. కారు నడపడం రాదు. సెలవురోజు బస్సులో వెళ్లి, కొండెక్కి, మళ్లీ బస్సులోనే ఇంటికి. ఆఫీసు అయ్యాక సాయంత్రం ఒక పేజీ. అక్షరాలు, మ్యాపులు, బొమ్మలు అన్నీ చేత్తోనే. ఎక్కడ మొదలెట్టాలి, ఎన్ని మైళ్లు నడవాలి, ఎన్ని అడుగులు ఎక్కాలి, గట్టు మీదుగా పక్క కొండకు ఎలా చేరాలి, పైనుంచి ఏ దిక్కున ఏం కనిపిస్తుంది... కొండకొండకూ ఇదే వరస. హెల్‌వెలిన్‌కు వెళ్లే స్ట్రైడింగ్ ఎడ్జ్ రెండు పక్కలా లోయలున్న సన్నని రాతి గట్టు. అలాంటి చోట తప్పు సమాచారం ఇస్తే ప్రాణాలమీదికే వస్తుంది. ఇంజినీరింగ్ చదివిన నా కంటికి ఇంతకన్నా మంచి యూజర్ మాన్యువల్ కనిపించలేదు.

దాదాపు వంద పేజీలయ్యాక, వాక్యాల కుడి అంచు సమంగా లేదని అవన్నీ పారేసి మళ్లీ మొదటినుంచి రాశారు! 1955లో మొదటి పుస్తకం 2,000 కాపీలు వేయడానికి చేతిలో డబ్బు చాల్లేదు. అమ్మాక ఇవ్వొచ్చని ప్రింటర్ ఒప్పుకున్నారు. ఏడోది 1966లో వచ్చింది.

అయితే ఆ సాయంత్రాలు ఊరికే రాలేదు. ఇంట్లో భార్య రూత్‌తో మాటలే తక్కువ, చివరికి విడాకులయ్యాయి. ఈ క్రమశిక్షణను మెచ్చుకునేవాళ్లు చాలామంది ఈ సంగతి దాటేస్తారు. నాకది సరికాదనిపిస్తుంది.

1970లో బెట్టీని పెళ్లి చేసుకున్నారు. 1973లో ఇంగ్లండ్ పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా సుమారు 300 కిలోమీటర్ల కోస్ట్ టు కోస్ట్ నడక దారిని పుస్తకంగా ఇచ్చారు. పుస్తకాల రాబడిలో చాలా భాగం మూగజీవాల సంరక్షణకు వెళ్లింది.

1991లో కన్నుమూశారు. ఆ ప్రాంతంలో, ఆ మాటకొస్తే ఇంగ్లండ్‌లోనే ఎత్తైనది 978 మీటర్ల స్కాఫెల్ పైక్. తన అస్థికలు చల్లడానికి ఆయన కోరుకున్నది మాత్రం 600 మీటర్లు కూడా లేని హేస్టాక్స్. ఆ కొండమీది చిన్న నీటిమడుగు ఒడ్డున వాటిని చల్లారు. దాని పేరు ఇన్నామినేట్ టార్న్, అంటే పేరులేని మడుగు.