హార్వీ వైలీ

పందొమ్మిదవ శతాబ్దాంతమున అమెరికాలో కొందరు వర్తకులు పాలు విరుగకుండుటకు ఫార్మాల్డిహైడును, మాంసము చెడకుండుటకు బొరాక్సును కలుపుచుండిరి. దానిని నిషేధించు జాతీయశాసనము లేకుండెను. ఆ దుస్థితితో పోరాడిన రసాయనజ్ఞుడు హార్వీ వైలీ.

ఆయన 1844లో ఇండియానా రాష్ట్రమున ఒక రైతుకుటుంబమున జన్మించెను. పర్డ్యూ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై యుండగా చక్కెరపాకములలోని కల్తీని శోధించెను. 1883లో కేంద్ర వ్యవసాయశాఖకు ప్రధాన రసాయనజ్ఞుడయ్యెను.

కల్తీని కనిపెట్టుట ఒక యెత్తు. అది దేహమునకు హానికరమని చూపుట మరియొక యెత్తు. 1902లో పండ్రెండుగురు యువకులు అందులకు స్వయముగా ముందుకు వచ్చిరి. కార్యాలయపు నేలమాళిగలో వారికి భోజనశాల ఏర్పడెను. బయట ఏమియు తినబోమని వారు మాట యిచ్చిరి. కొన్నాళ్లు శుద్ధాహార మొసగి, పిమ్మట బొరాక్సు చేర్చిరి. తిను ప్రతిపదార్థమును తూచిరి. మలమూత్రములను సైతము పరీక్షించిరి. కొందరికి ఆకలి మందగించి, తలనొప్పి, కడుపునొప్పి కలిగెను. అట్టి ప్రయోగమును నేటి శాస్త్రజ్ఞులు అంగీకరింపరు. పత్రికలు వారికి విషదళమని పేరిడగా, దేశమంతయు తన పళ్లెమువంక శంకతో చూడసాగెను.

మహిళాసంఘములును ఆందోళన చేసెను. తుదకు 1906 జూన్ 30న అధ్యక్షుడు రూజ్వెల్టు శుద్ధాహారౌషధ శాసనముపై సంతకము చేసెను. దాని పరీక్షాభారము వైలీ శాఖపైననే పడెను. బెంజోయేటును నిషేధింపవలెనన్న ఆయన పట్టు మాత్రము నెగ్గలేదు. అల్పమాత్రలో అది హాని చేయదని వేరొక శాస్త్రజ్ఞసంఘము తేల్చెను. పైవారితో పొసగక 1912లో ఆయన రాజీనామా యిచ్చెను. అటుపిమ్మట ఒక గృహిణుల పత్రికకు చెందిన ప్రయోగశాలలో ఆహారపరీక్షలు కొనసాగించెను. శాసనము వెలువడిన యిరువదినాలుగేండ్లకు, సరిగా ఆ తేదీననే, 1930 జూన్ 30న కన్నుమూసెను.