నోథర్ గొలుసులు

కోడింగ్ థియరీ కోసం రింగుల పుస్తకం తిరగేస్తుంటే 'నోథీరియన్' అన్న మాట దగ్గర ఆగిపోయా. ఇక్కడ సికింద్రాబాద్‌లో మా సిలబస్‌లో ఎమ్మీ నోథర్ పేరు ఎక్కడా రాదు మరి.

ఆవిడ 1882లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టారు. నాన్న లెక్కల ప్రొఫెసరే. అయినా 1907లో డాక్టరేట్ వచ్చాక ఏడేళ్లు అక్కడి యూనివర్సిటీలో జీతం లేకుండా పనిచేశారు. 1915లో హిల్బర్ట్, క్లైన్ గోటింగెన్‌కి పిలిపించారు. ఆడమనిషని పాఠం చెప్పే హక్కు మాత్రం ఇవ్వలేదు. 1919 దాకా క్లాసులు హిల్బర్ట్ పేరు మీదే.

1921 వ్యాసంలో ఆవిడ పట్టుకున్నది ఒక్క షరతు: ఐడియల్స్ పెరుగుతూ పోయే గొలుసు ఎక్కడో ఆగాలి. 12 గుణిజాలన్నీ ఒక ఐడియల్, పూర్ణాంకాల్లో దేంతో గుణించినా బయటికి పోవు. దానికన్నా పెద్దది 6 గుణిజాలు, ఆపైన 3 గుణిజాలు, ఆపైన మొత్తం పూర్ణాంకాలు. అంతే, ఇక పైమెట్టు లేదు.

మ్యాట్రిక్సుల్లాగా గుణకారంలో క్రమం మారితే జవాబు మారే రింగుల్లో అసలు తమాషా ఉంది. ఎడమ నుంచి గుణిస్తే బయటికి పోనివి ఎడమ ఐడియల్స్, కుడి నుంచైతే కుడి ఐడియల్స్. పై వరుసలో పూర్ణాంకం, అకరణీయ సంఖ్య, కింది వరుసలో సున్నా, అకరణీయ సంఖ్య ఉండే 2×2 మ్యాట్రిక్సుల్ని తీసుకోండి. కుడి గొలుసులన్నీ ఆగుతాయి, ఎడమవైపు ఆగనివి ఉంటాయి! నన్నడిగితే, ఒక సాయంత్రం కూర్చుని చేసి చూడాల్సిన లెక్క ఇది.

1933లో యూదురాలని నాజీలు ఆవిడ ఉద్యోగం తీసేశారు. అమెరికాలో బ్రిన్ మార్ కాలేజీలో చేరారు. 1935 ఏప్రిల్ 14న, ఆపరేషన్ అయిన కొన్నాళ్లకే, 53 ఏళ్లకి పోయారు. తర్వాత ఆవిడ శిష్యుడు లెవిట్జ్‌కీ, ఇంకోపక్క హాప్కిన్స్, ఒక సంగతి తేల్చారు: 1 ఉన్న రింగులో కిందికి దిగే ఎడమ గొలుసులన్నీ ఆగితే, పైకెక్కేవీ ఆగుతాయి.