కరవది నుంచి శ్రీరంగం దాకా.. షేక్ చిన మౌలానా సన్నాయి ప్రయాణం

పెళ్లింట సన్నాయి మోగితేనే మనకు శుభం. గుడిలో దేవుడి ఊరేగింపు కదలాలన్నా ముందు మేళం ఉండాల్సిందే. మరి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా ఆ సన్నాయి ఊదుతున్న వాళ్లలో చాలామంది ముస్లింలేనన్న సంగతి మీకు తెలుసా? పత్తి చేలు, మిరప కళ్లాల నడుమ ఊళ్ల నుంచి వచ్చిన ఆ విద్వాంసుల్లో దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి షేక్ చిన మౌలానా.

ఆయన 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది. సన్నాయి వాళ్ల ఇంటి విద్య. తొలి పాఠాలు తండ్రి ఖాసిం సాహెబ్ దగ్గరే. తర్వాత చిలకలూరిపేటలో పేరున్న విద్వాంసుడు ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం చేశారు.

అక్కడితో ఆగిపోయినా పెళ్లి మేళాలతో బతుకు గడిచిపోయేదే. కానీ ఆయన మనసు తంజావూరు బాణీ మీద పడింది. కీర్తన ఎత్తుకునే ముందు రాగాన్ని తొందర లేకుండా, మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోవడం ఆ బాణీ గొప్పదనం. ఆ పద్ధతిలో మేటి అయిన టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాయిద్యమంటే ఆయనకు ప్రాణం. అందుకే తమిళనాడు వెళ్లి, కుంభకోణం దగ్గరున్న నాచ్చియార్‌కోవిల్‌కు చెందిన రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడిగా చేరారు.

ఇక్కడో విచిత్రం ఉంది. ఆ తమిళ సీమలో సంగీతకారులు తలకెత్తుకునే త్యాగరాజ కీర్తనలన్నీ దాదాపు తెలుగువే! అంటే మన తెలుగు ముస్లిం బిడ్డ తమిళ గురువుల దగ్గర మెరుగులు దిద్దుకున్న బాణీలో తన తల్లిభాష పాటల్నే పలికించాడన్నమాట. సన్నాయికి మాటలుండవు. అయినా కీర్తన తెలిసిన వాళ్లకు ఆ ఊదులో అక్షరాలు వినిపిస్తాయి. మాట ఎక్కడ విరగాలో, ఎక్కడ సాగాలో తెలిసినవాడు ఊదితేనే అది సాధ్యం.

1964లో ఆయన కాపురం శ్రీరంగానికి మార్చేశారు. వైష్ణవులకు అన్నిటికన్నా పెద్ద క్షేత్రం అది. పేరు మార్చుకోలేదు, మతం మార్చుకోలేదు. షేక్ చిన మౌలానాగానే రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వినిపించారు. విదేశాల్లోనూ కచేరీలు చేశారు. తాను నేర్చింది తనతోనే పోకూడదని శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం పెట్టి పిల్లలకు నేర్పారు.

1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో దాన్ని మించిన గౌరవం లేదంటారు. ఆ మరుసటి ఏడాది, 1999 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మన పెళ్లిళ్లలో డీజే బాక్సులే ఎక్కువ. సన్నాయి మేళం పిలిచినా తాళి కట్టే వేళకే పరిమితం. దాన్నే నమ్ముకున్న కుటుంబాల్లో పిల్లలు వేరే పనులు చూసుకుంటే తప్పు పట్టలేం. చిన మౌలానా మనవళ్లు కాశిం, బాబు మాత్రం తాత బాణీని వదల్లేదు. ఈసారి మీ ఊళ్లో సన్నాయి వినిపిస్తే రెండు నిమిషాలు ఆగి వినండి. ఆ ఊదే మనిషి పేరు కూడా అడగండి.